పోచంపల్లి పట్టుచీరకు రేడియో ట్యాగు: ఐదు నెలల డైరీ

మా చిన్నాయనకు హైదరాబాదులో ఓ చిన్న చేనేత చీరల కొట్టు ఉంది. నేను పగలు సాఫ్ట్‌వేర్ పని, సాయంత్రాలు, ఆదివారాలు కొట్టు. మారిన చీరలు, మార్చిన ధర చీటీలు పట్టుకుందామని ఐదు నెలలుగా మా చీరలకు రేడియో ట్యాగులు పెట్టి చూస్తున్నాను. ఇలాంటి కొట్టు ఉన్నవాళ్ళు ఎవరైనా ఇదే పని పెట్టుకుంటే, నేను తగలేసిన డబ్బు వాళ్ళు తగలెయ్యకూడదని ఈ డైరీ. ఏది పాడైందో, ఎంత ఖర్చయిందో, ఎందుకు మార్చానో అంతా ఉంది.

స్టేజ్ 0: పోయిన డబ్బు లెక్క (వారం 1)

ట్యాగులు కొనే ముందు ఏడాది పాటు రాసిన రిటర్న్ పుస్తకం ముందేసుకున్నాను. 61 చీరలు వెనక్కి వచ్చాయి. అందులో 9 తేడావి.

1. పెళ్ళికి కట్టుకుని, మడత పెట్టి తిరిగి తెచ్చినవి: 4
2. పెట్టె మాది, బిల్లు మాది, లోపలి చీర మాత్రం పవర్‌లూమ్‌ది: 3
3. ధర చీటీ మార్చినవి (11,800 చీర మీద 4,200 చీటీ లాంటివి): 2

రెండో రకంలో పోయింది 30,900. మూడో రకంలో 12,900. మొత్తం 43,800 రూపాయలు. కట్టి తెచ్చిన చీరలను తగ్గించి అమ్మిన నష్టం ఇందులో వెయ్యలేదు.

కళ్ళతో చూస్తే తెలియదా అని అడుగుతారు. చిన్నాయనకు తెలుస్తుంది. మంచి చిటికి (ఇకత్) పనిలో పడుగు, పేక దారాలకు నేసే ముందే సైకిల్ ట్యూబు రబ్బరు కట్టి రంగు ముంచుతారు కాబట్టి డిజైను రెండు పక్కలా ఒకేలా ఉంటుంది, అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. అచ్చు వేసిన నకిలీని తిప్పి చూస్తే వెనక వెలవెలబోతుంది. కానీ దసరా సీజన్లో కౌంటర్ దగ్గర ఇద్దరు అమ్మాయిలు, ఎదురుగా పదిమంది కస్టమర్లు. అప్పుడు ఎవరు తిప్పి చూస్తారు?

లేబుళ్ళు లేవా అంటే, ఉన్నాయి. సిల్క్ మార్క్ అది పట్టు అని చెబుతుంది, చేనేత అని చెప్పదు. పవర్‌లూమ్ మీద కూడా అసలు పట్టే వాడొచ్చు, దారం కాల్చి చూసినా తేడా రాదు. హ్యాండ్‌లూమ్ మార్క్ చేనేత అని చెబుతుంది. ఆ లేబుల్ ఈ చీరదే అని మాత్రం చెప్పలేదు. పోచంపల్లి ఇకత్‌కు 2005లోనే జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. చీరలను చేనేతకు కేటాయించిన 1985 నాటి చట్టం కూడా ఉంది. ఇవి కేసు పెట్టడానికి పనికొస్తాయి గానీ, సాయంత్రం ఏడింటికి కౌంటర్ మీద ఉన్న చీర ఎవరిదో చెప్పవు.

ఖర్చు ఇప్పటివరకు: 0

స్టేజ్ 1: యూహెచ్ఎఫ్ స్టిక్కర్లు (వారం 2 నుంచి 5)

యూహెచ్ఎఫ్ అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాలతో చదివే ట్యాగు. ఫాస్టాగ్‌లో ఉండేది ఈ రకమే. దూరం నుంచి, ఒకేసారి చాలా ట్యాగులు చదువుతుంది. బట్టల పెద్ద షోరూముల్లో బుట్టలో పడెయ్యగానే బిల్లు వచ్చేస్తుంది కదా, అదీ ఇదే.

మొదటి తప్పు: రీడర్. ఆన్‌లైన్లో 14,500కు కొన్నాను. పెట్టె మీద ‘గ్లోబల్’ అని ఉంది. మెనూలోకి వెళ్ళి చూస్తే అమెరికా బ్యాండు ఒక్కటే, 902 నుంచి 928 మెగాహెర్ట్జ్. మన దేశంలో లైసెన్సు లేకుండా ట్యాగుల పనికి వాడే బ్యాండు 865 నుంచి 868 దగ్గర ఉంటుంది. అక్కడ కూడా ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్ దాటకూడదు. అమ్మినవాడితో వారం రోజులు గొడవపడితే 6,000కు వెనక్కి తీసుకున్నాడు. కొనే ముందు మెనూ ఫొటో అడగండి, దాంట్లో ‘ఇండియా’ అని కనబడాలి.

రెండో రీడర్ 19,800. స్టిక్కర్లు 200, ఒక్కోటి 8 రూపాయలు.

ఒక బీరువాలో 60 పట్టుచీరలు పెట్టి, చేత్తో పట్టుకునే రీడర్‌ను ముందు ఒక్కసారి అటూ ఇటూ ఆడించి కొలిచాను.

1. ట్యాగు చీర మధ్య మడతలో: 60కి 33
2. పై మడతలో, జరీ అంచు మీద: 60కి 21
3. పై మడతలో, జరీకి నాలుగు వేళ్ళ దూరంలో: 60కి 47
4. అలాగే పెట్టి, పెట్టెలను ఒకటి అటు, ఒకటి ఇటు తిప్పితే: 60కి 56
5. నాలుగోదే, రీడర్‌ను నిదానంగా రెండుసార్లు ఆడిస్తే: 60కి 60

జరీలో లోహం ఉంటుంది. లోహం పక్కన యాంటెన్నా శ్రుతి తప్పుతుంది. ట్యాగు మీద ట్యాగు సరిగ్గా పడినా అదే గతి, అందుకే పెట్టెలు తిప్పింది. బంగారు రంగు తగరం అంటించిన గిఫ్టు పెట్టెలో పెడితే సున్నా. దొంగలు సంచి లోపల తగరం కాగితం వేసుకోవడం ఇందుకే. గుమ్మం దగ్గర గేటు పెట్టాలన్న ఆలోచన ఆ రోజే మానుకున్నాను.

ఇంకో తమాషా. రీడర్ పవర్ పూర్తిగా పెంచితే 60 చీరలకు 64 లెక్క వచ్చింది. చెక్క పార్టిషన్ అవతల ట్రయల్ రూములో వేలాడుతున్న నాలుగు చీరలను కూడా లెక్కేసింది. 30 డీబీఎం (పవర్ కొలత) నుంచి 20కి దించాక సరిపోయింది.

ఖర్చు: 14,500 + 19,800 + 1,600 − 6,000 = 29,900

స్టేజ్ 2: మా ట్యాగును మేమే దొంగిలించాం (వారం 6)

ఒక చీర ట్యాగులో ఉన్న ఈపీసీ నంబరు (ఆ చీరకు మేం రాసిన గుర్తు) చదివి ఖాళీ స్టిక్కరులో రాశాను. అదే రీడర్, అదే యాప్. రెండు నిమిషాలు పట్టింది. ఇప్పుడు కొట్టులో ఒకే నంబరుతో రెండు ‘అసలు’ చీరలున్నాయి.

ట్యాగుకు పాస్‌వర్డ్ పెట్టి లాక్ చేస్తే చాలదా అని నేనూ అనుకున్నాను. లాక్ చేస్తే మా ట్యాగు మీద ఎవరూ తిరగరాయలేరు, అంతే. చదివి ఇంకో దాంట్లో రాసుకోవడాన్ని అది ఆపదు. చిప్ ఫ్యాక్టరీలో వేసే టీఐడీ నంబరు మామూలు ఖాళీ స్టిక్కరులో మారదు కాబట్టి యాప్‌లో ఈపీసీతో పాటు టీఐడీ కూడా సరిచూసేలా మార్చాను. చీటీ మార్పిడిని ఇది పట్టుకుంటుంది. ఎందుకంటే బిల్లు ఇప్పుడు చీటీ మీది ధరను కాదు, ట్యాగుకు కట్టిన ధరను చూస్తుంది.

యూహెచ్ఎఫ్‌కు ఇంతకంటే పెద్ద పని ఇవ్వలేదు. స్టాకు లెక్క, ధర, ఆ రెండే. కస్టమర్ ఫోను దీన్ని ఎలాగూ చదవలేదు.

ఖర్చు: 29,900 (మార్పు లేదు)

స్టేజ్ 3: ఫోనుతో చదివే ట్యాగు (వారం 7, 8)

ఎన్ఎఫ్‌సీ. 13.56 మెగాహెర్ట్జ్, ఫోను దాదాపు ఆనించాలి. ఎన్‌ట్యాగ్ 213 స్టిక్కర్లు 50, ఒక్కోటి 16 రూపాయలు. కంప్యూటరుకు పెట్టే రీడర్ 3,400.

లోపల ఒక వెబ్ లింకు రాశాను. ఫోను తాకిస్తే చీర పేజీ తెరుచుకుంటుంది. చిన్నాయన రెండు రోజులు ఊళ్ళో అందరికీ చూపించాడు. మూడో రోజు ఆ లింకునే ఇంకో ట్యాగులో రాసి ఆయన చేతిలో పెట్టాను. అదే పేజీ తెరుచుకుంది. మారని లింకు ఎక్కడున్నా క్యూఆర్ కోడ్ లాంటిదే, ఒక్కటి దొరికితే వెయ్యి చేసుకోవచ్చు. యూఐడీని (చిప్ సొంత నంబరును) సరిచూద్దామంటే, యూఐడీ మార్చుకోగలిగే నకిలీ చిప్పులు కూడా బజారులో దొరుకుతున్నాయి. ఐదు తెప్పించి చూడాలనుకున్నాను గానీ, ఆ డబ్బుతో మంచి ట్యాగులు కొనడం నయమనిపించింది.

ఖర్చు: 29,900 + 800 + 3,400 = 34,100

స్టేజ్ 4: తాకిన ప్రతిసారీ మారే లింకు (వారం 9 నుంచి 12)

ఎన్‌ట్యాగ్ 424 డీఎన్ఏ. దీని లోపల రహస్య తాళం ఉంటుంది. తాకిన ప్రతిసారీ చిప్ తన కౌంటరును (ఎన్నిసార్లు తాకారో ఆ లెక్కను) పెంచి, ఆ అంకెతో, తాళంతో లెక్క కట్టిన కొత్త సంతకాన్ని లింకు చివర అంటిస్తుంది. సర్వరు దగ్గరా అదే తాళం ఉంటుంది కాబట్టి సంతకం సరైనదో కాదో అక్కడ తేలుతుంది. లింకును కాపీ కొట్టినా తర్వాతి సంతకం ఏమిటో కాపీ కొట్టినవాడికి తెలియదు. 60 ట్యాగులు, ఒక్కోటి 85. డొమైన్, సర్వరు 900.

మొదటి రోజే 6 ట్యాగులు చంపాను. తాళం మార్చే స్క్రిప్టు మధ్యలో ఆగిపోయింది. కొత్త తాళం చిప్‌లోకి వెళ్ళింది, నా ఫైలులోకి రాలేదు. ఇక వాటిని తెరిచే దారి లేదు. 510 రూపాయలు బుట్టదాఖలు. ఇప్పుడు నేను పాటించే వరస:

1. ట్యాగు యూఐడీ చదవాలి.
2. అసలు తాళం, యూఐడీ కలిపి ఆ ట్యాగుకు విడి తాళం లెక్క కట్టాలి. అప్పుడు ఒక ట్యాగు తాళం బయటపడ్డా మిగతావి పోవు. ఫైలు పోయినా తాళం మళ్ళీ లెక్క కట్టుకోవచ్చు.
3. లింకు రాయాలి.
4. సంతకం ఏ అక్షరం దగ్గర మొదలవ్వాలో ఆ స్థానం పెట్టాలి.
5. ఫోనుతో ఒకసారి తాకించి చూడాలి.
6. అన్నీ సరిగ్గా ఉంటేనే, చివరగా, తాళాలు మార్చాలి. సున్నా నంబరు తాళం (మిగతా తాళాలు మార్చడానికి కావలసింది ఇదే) అన్నిటికంటే ఆఖర్న.

నాలుగో మెట్టులో నేను ఒక అక్షరం తప్పు లెక్కపెట్టి సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. లింకు చూడ్డానికి బాగానే ఉంటుంది, సంతకం మాత్రం ఎప్పుడూ తప్పే.

అసలు దెబ్బ ఈ స్టేజ్ మూడో వారంలో తగిలింది. కౌంటరు వెనక్కి వస్తే ‘నకిలీ’ అని ఎర్ర అక్షరాల్లో చూపించేలా పేజీ కట్టాను. ఓ ఆవిడ చీర కొని, ఇంటికెళ్ళి ఫోను తాకించింది. అసలుదే అన్నట్టు పేజీ ఆకుపచ్చగా వచ్చింది. సంతోషంగా ఆ లింకును వాట్సాప్‌లో చెల్లెలికి పంపింది. చెల్లెలు తెరిస్తే కౌంటరు పాతది. ‘నకిలీ’. పావుగంటలో చిన్నాయనకు ఫోను. అసలు చీర అమ్మి నకిలీ అనిపించుకున్న కొట్టు మాదే అయ్యుంటుంది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు.

మార్పు: సంతకం సరైనదే, కౌంటరు పాతది అయితే బూడిద రంగులో ‘ఈ లింకు ఇంతకుముందు వాడింది. చీర దగ్గర ఉంటే ఫోనును ట్యాగుకు మళ్ళీ తాకించండి’ అని వస్తుంది. సంతకమే తప్పైతేనే ఎరుపు. అప్పుడు కూడా ‘నకిలీ’ అనే మాట తీసేసి ‘మా రికార్డుతో కలవలేదు, కొట్టుకు ఫోను చెయ్యండి’ అని రాశాను.

ఇంకో చిన్న మార్పు. మొదట తీసుకున్న సర్వరు వాడకపోతే నిద్రపోయేది, మొదటి తాకుడుకు 40 సెకన్లు పట్టేది. కౌంటర్ దగ్గర 40 సెకన్లంటే అమ్మాయిలు ఇక దాన్ని వాడరు. నెలకు కొంచెం కట్టి మెలకువగా ఉంచాను, ఇప్పుడు 2 సెకన్లు. ఆ కట్టేది కింది లెక్కలో లేదు.

ఖర్చు: 34,100 + 5,100 + 900 = 40,100

స్టేజ్ 5: ట్యాగు మంచిదే, చీర మనది కాదు (వారం 13 నుంచి 16)

ఈ వారాలు లేకపోతే ఈ డైరీ రాసేవాణ్ణి కాదు.

ట్యాగును గుడ్డ సంచిలో పెట్టి చీరకు కుట్టించి, గర్వంగా చిన్నాయనకిచ్చాను. ఆయన బ్లేడుతో నాలుగు కుట్లు విప్పి, పవర్‌లూమ్ చీరకు కుట్టించి, మర్నాడు నా ముందు పెట్టాడు. ఫోను తాకించాను. పచ్చ. ‘‘ట్యాగు మంచిదే రా, చీర మనది కాదు’’ అన్నాడు.

నాలుగు వారాలుగా నేను చిప్‌ను కాపాడుతున్నాను. దొంగకు చిప్‌ను కాపీ కొట్టాల్సిన అవసరమే లేదు, కత్తెర చాలు.

ప్రయత్నం ఒకటి: తెగితే చెప్పే రకం, ట్యాగ్‌టాంపర్. చిప్‌కు సన్నని తీగ చుట్టు ఉంటుంది, అది తెగాక ఒకసారి చదివితే ‘తెరిచారు’ అన్న గుర్తు శాశ్వతంగా పడిపోతుంది. 20 కొన్నాను, ఒక్కోటి 140. చీర మడతలు మార్చి మార్చి పెట్టడంలోనే 5 తెగిపోయాయి. పట్టుచీరను ఒకే మడత మీద ఉంచకూడదు, మడత దగ్గర చీలుతుంది. అంటే చీరను కాపాడే అలవాటే ట్యాగును చంపుతోంది. సీసా మూతకు బాగుంటుందేమో, చీరకు కాదు.

ప్రయత్నం రెండు: మగ్గం దగ్గరే ఫొటో. ఇది నా ఆలోచన కాదు. మాకు నేసే ఒకాయన మగ్గం మీద కూర్చుని పేక సర్దుకుంటూ అన్న మాట. ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు నేసినా, రంగు ముంచిన దారం ప్రతి వరుసకూ చేత్తో జరుపుకోవాలి, ఏ రెండు చీరల్లోనూ ఆ చెదురు ఒక్కలా రాదు అన్నాడు. మగ్గం నుంచి చీర కోసిన రోజే ఒక చోట దగ్గర నుంచి ఫొటో తీసి, ఆ ట్యాగు పేజీలో పెట్టాం. ట్యాగును ఇంకో చీరకు కుడితే ఫొటో పక్కన చీర కలవదు.

పరీక్ష ఇలా చేశాం. ఆరు పడుగులు, ఎనిమిదేసి చీరలు, 48 ఫొటోలు కలిపేశాం. కౌంటర్ అమ్మాయిలిద్దరూ విడివిడిగా ఏ ఫొటో ఏ చీరదో కలపాలి.

1. మొదటిసారి: ఒకమ్మాయికి 46, ఇంకో అమ్మాయికి 43 సరి.
2. తప్పులు చూస్తే అన్నీ చిటికి లేని సాదా భాగం ఎక్కువ పడిన ఫొటోలు.
3. మార్పు: ఫొటోలో కనీసం రెండు పువ్వుల అంచులు పడాలి, పక్కన కొలతకు రూపాయి నాణెం, పగటి వెలుతురు, ఫ్లాష్ వద్దు.
4. రెండోసారి: 48, 47.
5. ఐదు చీరల్లో అదే చోటును చేత్తో ఉతికి చూశాం. రంగు కొద్దిగా తగ్గింది, చెదురు మారలేదు. ఐదూ కలిశాయి.

ఈ ఫొటోకు అయిన ఖర్చు సున్నా. 140 రూపాయల తీగ చెయ్యలేని పని చేసింది.

పేజీలో నేతగాడి ఫోను నంబరు పెట్టాలనుకున్నాను. మాకు నేసే ముగ్గురూ వద్దన్నారు, రాత్రీ పగలూ బేరాలకు ఫోన్లు వస్తాయని. మగ్గం నంబరు, నేసిన నెల మాత్రమే ఉంచాం.

ఖర్చు: 40,100 + 2,800 = 42,900

స్టేజ్ 6: ఎక్కడ కుట్టాలి (వారం 17 నుంచి 19)

ముందు లోపలి కొసన కుట్టించాను, ఎవరికీ కనబడదని. మాకు వచ్చే చీరల్లో జాకెట్టు ముక్క కూడా ఆ కొసనే ఉంటుంది. మొదటి 14 చీరల్లో 5 ట్యాగులు జాకెట్టు ముక్కతో పాటు టైలర్ల దగ్గరికి వెళ్ళిపోయాయి. ఇది ఇంట్లో ఏ ఆడమనిషిని అడిగినా ముందే చెప్పేది, నేను అడగలేదు.

ఫాల్ కింద కుడదామంటే అక్కడ జరీ అంచు. జరీకి ఆనించి పెడితే ఫోను అసలు చదవలేదు. 1 సెంటీమీటరు దూరంలో పదికి 4 సార్లు, 3 సెంటీమీటర్లలో పదికి 10 సార్లు చదివింది.

చివరికి కుదిరిన చోటు: జాకెట్టు ముక్క కోసే గీత నుంచి జానెడు చీర లోపలికి, పై అంచుకు 4 సెంటీమీటర్లు కిందికి. కడితే నడుం దగ్గర మొదట దోపుకునే కొసతో పాటు లోపలికి పోతుంది. ఫొటో కూడా ఆ చోటుకు పక్కనే తీస్తాం.

ఇస్త్రీ ఇంకో శత్రువు. మామూలు స్టిక్కరు ట్యాగులు 10 తీసుకుని పట్టు వేడి మీద ఐదుసార్లు ఇస్త్రీ చేస్తే 4 పోయాయి, మిగతావి వంకర్లు తిరిగాయి. గుడ్డ పొరల మధ్య పెట్టిన రకం 10లో ఒకటే పోయింది. డ్రై క్లీనింగ్‌కు మూడుసార్లు పంపితే స్టిక్కరు జిగురు కరిగి పట్టుకు మరక చేసింది. గుడ్డ రకానికి జిగురు లేదు, దారంతోనే కుట్టాలి. అవే 150 కొన్నాను, ఒక్కోటి 92. కుట్టుకూలి ఒక్కోదానికి 6.

ఖర్చు: 42,900 + 13,800 + 900 = 57,600

చీరకు పడేది: గుడ్డ ట్యాగు 92, కుట్టు 6, యూహెచ్ఎఫ్ 8, వెరసి 106 రూపాయలు. 8,000 పట్టుచీర మీద ఇది భరించొచ్చు. 1,800 కాటన్ చీర మీద భరించలేం. కాటన్‌కు యూహెచ్ఎఫ్ స్టిక్కరు, హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్, అంతే.

స్టేజ్ 7: కౌంటర్ మీద (వారం 20 నుంచి 22)

రిటర్న్ వచ్చినప్పుడు అమ్మాయిలు చేసేది:

1. ఫోను తాకించాలి. ఆకుపచ్చ రావాలి.
2. పేజీలో ఫొటో పెద్దది చేసి, నాణెం పక్కన పెట్టి, అదే చోటు చూడాలి.
3. బిల్లు నంబరు ఆ ట్యాగుకు కట్టినదేనా చూడాలి.
4. తేడా ఉంటే కస్టమర్‌తో వాదించకూడదు. ‘పెద్దాయన వచ్చాక చూస్తారు’ అని రసీదు ఇవ్వాలి.

నాలుగోది చిన్నాయన పెట్టిన నియమం. తెచ్చినవాళ్ళే మార్చారని ఎలా అంటాం, మధ్యలో టైలరు ఉన్నాడు, డ్రై క్లీనింగ్ ఉంది అంటాడు.

ఈ మూడు వారాల్లో ట్యాగు ఉన్న చీరలు 9 వెనక్కి వచ్చాయి. 8 సరిగ్గా కలిశాయి, ఒక్కోదానికి పట్టిన సమయం 50 సెకన్ల లోపే. ఒకదానికి ట్యాగు పచ్చగా వచ్చింది, ఫొటో కలవలేదు. తెచ్చినాయన రసీదు తీసుకుని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. చీర ఇంకా మా బీరువాలోనే ఉంది, దాని మీద మా ట్యాగు చుట్టూ కొత్త కుట్లు కనబడుతున్నాయి. దారం రంగు మాది కాదు. నిజానికి ఆ చీరను ఫోను కంటే ముందు దారమే పట్టించింది. అందుకని ఇప్పుడు అన్ని ట్యాగులకూ ఒకే ముదురు నీలం దారం వాడుతున్నాం.

కట్టి తెచ్చిన చీరల మీద మాత్రం ట్యాగు ఏమీ చెప్పలేదు. చీర మాదే, ట్యాగు మాదే, చెమట వాసన ఒక్కటే తేడా. దానికి ముక్కు తప్ప వేరే రీడర్ లేదు.

మిగిలిన పని

కుట్టించిన 150 గుడ్డ ట్యాగుల్లో 112 చీరలతో పాటు అమ్ముడుపోయాయి. 36 బీరువాలో ఉన్నాయి. 2 అసలు చదవడం లేదు, కుట్టినప్పుడు సూది యాంటెన్నా మీద పడింది. గుడ్డ మీద సూది పోకూడని చోట సుద్దతో గీత గీయమని కుట్టే ఆవిడకు చెప్పాను.

అసలు తాళం కాగితం మీద రాసి, రెండుగా చింపి, ఒక ముక్క చిన్నాయన దగ్గర, ఒకటి నా దగ్గర పెట్టాం. పోయినవారం మగ్గం 11 ఆయన అడిగాడు, వేరే కొట్లకు వేసే చీరలకు కూడా ఇదే ట్యాగు కుట్టిస్తావా అని. కుట్టిస్తే పచ్చ పేజీ మీద మా కొట్టు పేరు పోయి మగ్గం పేరు రావాలి, తాళం కూడా నేతగాళ్ళ దగ్గర ఉండాలి. చిన్నాయన ఆదివారం వాళ్ళతో కూర్చుంటానన్నాడు. నేను పేజీలో కొట్టు పేరు ఎక్కడెక్కడ ఉందో వెతికాను, 17 చోట్ల ఉంది.